గీజర్‌కూ ఓ చెకప్ కావాలి!

చలికాలం వచ్చిందంటే బీపీ చూపించుకోండి, షుగర్ పరీక్ష చేయించుకోండి అని చెబుతుంటాం. ఈసారి ఇంకో పరీక్ష కూడా చేయించండి. అది మీకు కాదు, మీ స్నానాలగదిలో గోడకు వేలాడుతున్న గీజర్‌కు. ఏళ్ల తరబడి దాన్ని ఎవరూ విప్పి చూడరు. నీళ్లు వేడెక్కుతున్నంత కాలం అంతా బాగానే ఉందనుకుంటాం. కానీ ఊపిరికీ, గుండెకూ, చర్మానికీ, ఊపిరితిత్తులకూ ముప్పు తెచ్చే దారులు నాలుగు ఆ ఒక్క పరికరంలోనే ఉన్నాయి. వాటిలో ప్రతి ఒక్కటీ ముందే మూసేయగలిగినదే.

శంషాబాద్ చుట్టుపక్కల చలి నగరం నడిబొడ్డులో కన్నా కాస్త ఎక్కువే. డిసెంబరు, జనవరి నెలల్లో రంగారెడ్డి జిల్లా శివార్లలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోతుంది. పైగా 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక ఇక్కడ రాత్రికీ పగటికీ తేడా లేకుండా పోయింది. కార్గోలో, క్యాటరింగ్‌లో, సెక్యూరిటీలో పనిచేసేవారు, క్యాబ్ డ్రైవర్లు తెల్లవారుజామున రెండింటికీ మూడింటికీ స్నానం చేసి డ్యూటీకి బయల్దేరుతుంటారు. వారి కోసం హాస్టళ్లు, అద్దె గదులు లేచాయి. మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్తే వారాంతానికి అద్దెకిచ్చే ఫామ్‌హౌస్‌లు. ఇక ఈమధ్య సినిమా షూటింగులకే కాక కుటుంబ యాత్రలకూ క్యారవాన్‌లు తీసుకునేవారు కనిపిస్తున్నారు. వీటన్నిటిలో ఉమ్మడి విషయం ఒకటుంది. చిన్న గది, గడియ పెట్టిన తలుపు, లోపల నీళ్లు కాచే యంత్రం.

పెరట్లో పొయ్యి గదిలోకి వచ్చింది

మన అమ్మమ్మల కాలంలో స్నానానికి నీళ్లు పెరట్లో కాగేవి. మూడు రాళ్ల పొయ్యి మీద రాగి కాగు, కింద కట్టెలు. పొగ కళ్లలోకి వచ్చేది, దగ్గు తెప్పించేది. కానీ అది ఆరుబయట పొయ్యి. పొగ ఎటో అటు పోయేది. నీళ్లు మాత్రమే బిందెతోనో బకెట్‌తోనో స్నానాలగదిలోకి వచ్చేవి.

ఇప్పుడు పొయ్యే గదిలోకి వచ్చేసింది. పొగ కనిపించకపోవడంతో అది పొయ్యి అన్న సంగతే మరిచిపోయాం. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకుంటే గీజర్ గురించి తెలుసుకోవాల్సిన సగం విషయం తెలిసినట్టే.

వాసన లేని విషం

గ్యాస్ గీజర్ అంటే చాలామందికి ఇష్టం. కరెంటు బిల్లు రాదు, తిప్పగానే వేడినీళ్లు వస్తాయి. వంటగ్యాస్ బాగా మండాలంటే ఆక్సిజన్ బాగా అందాలి. అప్పుడు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వెలువడతాయి. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు ఉన్న గదిలో తలుపు మూసి, చలికని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి గీజర్ వెలిగిస్తే ఏమవుతుంది? కొద్ది నిమిషాల్లో గదిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మంట సరిగా మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ‘గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు. వంటగ్యాస్‌కు ఆ వాసన సొంతం కాదు. లీకు తెలియడానికి కంపెనీలు కలిపే రసాయనం వల్ల వస్తుంది. గ్యాస్ మండాక పుట్టే మోనాక్సైడ్‌కు అదేమీ ఉండదు. లీకు లేని, కొత్త గీజర్ కూడా గాలి ఆడని గదిలో ఈ విషాన్ని తయారుచేయగలదు.

ఒంట్లోకి వెళ్లాక అది చేసే పని ఇదీ. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోసుకెళ్లే బస్సు లాంటిది. కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా ఆ సీట్లకు అతుక్కుంటుంది. బస్సు నిండుగానే తిరుగుతుంటుంది గానీ దిగాల్సిన ప్రయాణికుడు అందులో ఉండడు. ముందు దెబ్బతినేది మెదడు, గుండె. తలనొప్పి, తల తిరగడం, వికారం, కాళ్లలో సత్తువ పోవడం, ఆపై స్పృహ తప్పడం. తలుపు తీయాలని తెలిసినా గడియ దాకా చేయి లేవదు. అందుకే స్నానాలగదిలో అది అంత ప్రమాదం.

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. 2023 మార్చిలో హోలీ ఆడి వచ్చి స్నానానికి వెళ్లిన ఒక జంట ముంబయిలోని ఘాట్కోపర్‌లో స్నానాలగదిలోనే చనిపోయి కనిపించింది. గ్యాస్ గీజర్ వాయువే కారణమై ఉంటుందని పోలీసులు అనుమానించారు. మన దేశంలోని న్యూరాలజీ వైద్యులు ఇలాంటి కేసులు చూసీ చూసీ దీనికి ‘గ్యాస్ గీజర్ సిండ్రోమ్’ అన్న పేరే పెట్టారు.

‘లో బీపీ’ అని వదిలేయకండి

స్నానానికి వెళ్లినవారు లోపల పడిపోతే ఇంట్లోవాళ్లు రకరకాలుగా అనుకుంటారు. మూర్ఛ అంటారు, లో బీపీ అంటారు, పొద్దున్నే ఏమీ తినలేదు కాబట్టి నీరసం అంటారు. తలుపు తీసి బయటకు తెచ్చి గాలి తగిలేసరికి కొందరు లేచి కూర్చుంటారు. ‘ఇప్పుడు బాగానే ఉంది’ అని ఆసుపత్రికి వెళ్లరు. మర్నాడు అదే గదిలో, అదే గీజర్ కింద మళ్లీ స్నానం!

ఈ లక్షణాలు కనిపిస్తే గీజర్‌ను అనుమానించండి:

• స్నానాలగదిలోకి వెళ్లినప్పుడే తలనొప్పి, వికారం వచ్చి బయటకు రాగానే తగ్గుతుంటే.
• ఒకే రోజు ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి, ముఖ్యంగా చివర స్నానం చేసినవారికి తల తిరిగితే.
• జ్వరం లేకుండా ఇంటిల్లిపాదికీ ఫ్లూ వచ్చినట్టు ఉంటే.
• గీజర్ మంట నీలంగా కాక పసుపుగా కనిపిస్తుంటే, దాని పైన గోడ నల్లబడుతుంటే.

మంట నీలంగా ఉన్నంత మాత్రాన గాలి సరిపోతోందని భరోసా పెట్టుకోవద్దు.

కరోనా తర్వాత చాలా ఇళ్లలో పల్స్ ఆక్సీమీటర్ ఉంది. వేలికి పెట్టి 98 చూపిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండొద్దు. ఇంట్లో వాడే ఆక్సీమీటర్ హిమోగ్లోబిన్‌కు అతుక్కున్నది ఆక్సిజనా, మోనాక్సైడా అన్న తేడా పట్టలేదు. రక్తపరీక్షలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ ఎంతుందో చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి డాక్టరు దగ్గర చెప్పాల్సిన మొదటి మాట, ‘స్నానాలగదిలో గ్యాస్ గీజర్ వెలుగుతోంది’ అని. ఆ ఒక్క మాటతో వైద్యం దారి మారిపోతుంది.

మామూలు గాలి పీలిస్తే రక్తంలోని మోనాక్సైడ్ సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర చాలు. అందుకే తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి రావాలి. తేరుకున్న కొందరిలో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడకలో తడబాటు, మనస్తత్వంలో మార్పు వచ్చే అవకాశం ఉంది. గర్భిణులైతే ఏమాత్రం ఆలస్యం చేయకూడదు. తల్లి బాగానే ఉన్నా కడుపులోని బిడ్డ రక్తం ఆ విషాన్ని ఇంకా గట్టిగా, ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది.

నివారణ మాత్రం చాలా తేలిక. గ్యాస్ గీజర్‌ను, దాని సిలిండర్‌ను స్నానాలగది బయట, గాలి ఆడే చోట పెట్టించండి. పైపు ద్వారా వేడినీళ్లు మాత్రమే లోపలికి రావాలి. పెరట్లో పొయ్యి, గదిలో నీళ్లు అన్న పాత పద్ధతి ఇదే. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని గీజర్ లోపల పెట్టొద్దు. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఆ ఫ్యాన్ ఏమీ చేయలేదు.

తడి ఒళ్లు, కరెంటు

ఎలక్ట్రిక్ గీజర్‌తో మోనాక్సైడ్ భయం లేదు. అక్కడ భయం షాక్. 2022 అక్టోబరులో హైదరాబాద్ లంగర్‌హౌజ్ ప్రాంతంలో ఒక యువ జంట స్నానాలగదిలో చనిపోతే గీజర్ నుంచి కరెంటు పాకి ఉంటుందని పోలీసులు భావించారు.

పొడి చర్మం కరెంటును కొంతవరకు అడ్డుకుంటుంది. తడిసిన ఒంటికి ఆ అడ్డు దాదాపు ఉండదు. తడి ఒంటి నిరోధం 1000 ఓముల దాకా పడిపోతుందనుకుంటే, 230 వోల్టుల దగ్గర ఒంట్లోంచి పోయే కరెంటు 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే కరెంటు దారి తప్పిన క్షణంలోనే సరఫరా ఆగిపోతుంది. మీ మెయిన్ బోర్డులో ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉన్న స్విచ్ ఉందా? అదే ఇది. నెలకోసారి ఆ బటన్ నొక్కి చూడండి. నొక్కగానే కరెంటు పోవాలి. పోకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎంసీబీ ఉంటే చాలనుకోవద్దు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు.

ఎర్తింగ్ సంగతి కూడా అంతే. కొన్ని పాత అద్దె గదుల్లో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. రెండు వేల వాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, మందమైన వైరు, సొంత ఎంసీబీ కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద గీజర్ నడపడం అంటే నిప్పుతో ఆడుకోవడమే.

నీళ్లు కాగాక స్విచ్ ఆపేసి స్నానానికి వెళ్లడం మంచి అలవాటు. అయితే వైరింగ్‌లో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది. కాబట్టి ఈ అలవాటు ఆర్‌సీసీబీకీ ఎర్తింగ్‌కూ బదులు కాదు, వాటికి తోడు మాత్రమే. కుళాయి ముట్టుకుంటే చిన్నగా జిల్లుమన్నా ఆ రోజుకు స్నానం మానేయండి. ‘చిన్న షాకే కదా’ అనుకునేదే పెద్ద షాకుకు ముందస్తు కబురు.

హాస్టళ్లలో, బ్యాచిలర్ గదుల్లో ఎక్కువగా కనిపించేది బకెట్లో వేసే హీటర్ రాడ్. ముందు రాడ్‌ను నీళ్లలో పెట్టి, తర్వాత ప్లగ్గు పెట్టాలి. ముందు ప్లగ్గు తీసి, తర్వాతే నీళ్లు ముట్టుకోవాలి. నీళ్లు కాగాయా అని వేలు పెట్టి చూడటం ప్రాణం మీదికి తెస్తుంది. ఇనుప బకెట్ అసలే వద్దు. పసిపిల్లలు తిరిగే ఇంట్లో రాడ్ ఉన్న బకెట్‌ను నేల మీద వదిలి పక్కకు వెళ్లొద్దు.

కాలితే తెలియని కాళ్లు

వేడినీళ్ల కాలిన గాయాలు ఎక్కువగా పిల్లల్లో, వృద్ధుల్లో చూస్తుంటాం. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్ని అయిదు సెకన్లలో లోతుగా కాల్చగలవు. అదే 49 డిగ్రీలైతే కొన్ని నిమిషాలు పడుతుంది. పిల్లల చర్మం పల్చన, కాబట్టి వాళ్లకు అంతకన్నా తక్కువ సమయం చాలు. బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పోయండి. మోచేతితో చూసి, ఆపైనే బిడ్డ మీద పోయండి.

షుగర్ జబ్బు ఏళ్లుగా ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటుంది. వేడినీళ్లలో కాళ్లు పెడితే హాయిగా ఉందనిపిస్తుంది. బొబ్బలు లేచాక గానీ తెలియదు. ఆ పుండు మానడానికి నెలలు పట్టొచ్చు. వాళ్లు వేడిని కాళ్లతో కాక చేతితో, కుదిరితే ఇంట్లో మరొకరి చేతితో చూసుకోవాలి. బీపీ మాత్రలు వాడేవారు మరీ వేడినీళ్లతో ఎక్కువసేపు స్నానం చేస్తే రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోవచ్చు. వృద్ధులు స్నానాలగది గడియ వేసుకోకుండా తలుపు దగ్గరగా వేసుకోవడం మేలు.

వారమంతా నిల్వ ఉన్న నీళ్లు

ఫామ్‌హౌస్‌లకూ క్యారవాన్‌లకూ ఓ ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అక్కడి గీజర్‌లో నీళ్లు రోజుల తరబడి కదలకుండా ఉంటాయి. గోరువెచ్చగా, నిలకడగా ఉన్న నీళ్లలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగాక అంతుచిక్కని న్యుమోనియాతో 34 మంది చనిపోయారు. తర్వాత కారణం వెతికి పట్టుకుని, ఆ సైనికుల సంఘం పేరు మీదే ఆ క్రిమికి పేరు పెట్టారు.

ఈ క్రిమి సాధారణంగా తాగడం వల్ల కాదు, తుంపర పీల్చడం వల్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. షవర్ చేసే పని తుంపర సృష్టించడమే కదా! సుమారు 20 నుంచి 45 డిగ్రీల మధ్య ఇది పెరుగుతుంది. 60 డిగ్రీల దగ్గర చావడం మొదలవుతుంది. కరెంటు ఆదా అవుతుందని గీజర్ థర్మోస్టాట్‌ను 40 దగ్గర పెట్టేవారు తెలియకుండా దానికి ఇష్టమైన వెచ్చదనమే ఇస్తున్నారు. గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగాలి, ఒంటి మీదికి మాత్రం చన్నీళ్లు కలిసి 40 దగ్గర రావాలి.

వారం తర్వాత తలుపులు తీసిన ఫామ్‌హౌస్‌లో ముందు గీజర్‌ను పూర్తి వేడికి రానిచ్చి గంటసేపు ఉంచండి. స్నానాలగది కిటికీ తెరిచి, షవర్, కుళాయిలు అయిదారు నిమిషాలు వదిలేయండి. ఆ సమయంలో మీరు గదిలో ఉండొద్దు. పొగతాగేవారు, 50 ఏళ్లు దాటినవారు, షుగర్, ఆస్తమా లాంటి ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు, కిడ్నీ మార్పిడి జరిగినవారు, స్టెరాయిడ్లు వాడేవారు ఈ జాగ్రత్త తప్పక పాటించాలి. ఎక్కడికైనా వెళ్లివచ్చిన రెండు వారాల్లోపు తీవ్రమైన జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే ఎక్కడ బస చేశారో డాక్టరుకు చెప్పండి. న్యుమోనియాకు మామూలుగా వాడే కొన్ని యాంటీబయాటిక్స్ దీని మీద పనిచేయవు, వేరే మందు ఎంచుకోవాలి.

ఉప్పునీళ్ల దెబ్బ

మన నేల గ్రానైట్ రాతినేల. బోరునీళ్లు చాలాచోట్ల గట్టివి, మన మాటలో ఉప్పునీళ్లు. తాగునీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు మంచిదని భారత ప్రమాణాలు చెబుతాయి. వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చు. ఈ నీళ్లు కాగినకొద్దీ సున్నం విడివడి హీటర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చులుగా పేరుకుంటుంది. కాయిల్ వేడి నీటికి చేరక అదే వేడెక్కి, చివరకు పగులుతుంది. ఆ పగుళ్లలోంచి కరెంటు నీళ్లలోకి పాకుతుంది. అంటే ముందు చెప్పిన షాకుకూ ఈ సున్నానికీ నేరుగా చుట్టరికం ఉంది.

ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని యానోడ్ రాడ్ అంటారు. ట్యాంకు బదులు అది తుప్పు పట్టి కరిగిపోవడానికే దాన్ని పెడతారు. అది పూర్తిగా అరిగిపోతే తర్వాత వంతు ట్యాంకుదే. ఉప్పునీళ్లు వాడే ఇళ్లలో ఏటా ఓసారి విప్పించి చూడండి. కడ్డీ సగానికి మించి అరిగితే మార్పించండి. గీజర్ నీళ్లు తాగడానికి, పాలపొడి కలపడానికి, వంటకు వాడొద్దు.

గీజర్ పక్కన ఉండే ప్రెషర్ వాల్వ్ నుంచి నీళ్లు కాగేటప్పుడు చుక్కలు పడటం సహజం. కొందరు విసుగొచ్చి దానికి బిరడా కొడతారు. థర్మోస్టాట్ పాడై నీళ్లు అదుపు లేకుండా మరిగితే ఆ వాల్వే ట్యాంకు పేలకుండా కాపాడాలి. దాన్ని ఎప్పుడూ మూయొద్దు.

చక్రాల మీద స్నానాలగది

క్యారవాన్ అంటే పడకగది, వంటగది, స్నానాలగది అన్నీ కలిపి ఒక బస్సులో ఇరికించిన ఇల్లు. గాలి ఎంత తక్కువుంటే విషం అంత త్వరగా కమ్ముకుంటుంది. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటర్ పొగ నేలలోని సందు గుండా లోపలికి చేరిందని నిపుణుల బృందం పరీక్షలో తేలింది. అక్కడ దోషి గీజర్ కాదు, జనరేటర్. విషం మాత్రం అదే కార్బన్ మోనాక్సైడ్.

శంషాబాద్‌లో విమానం ఎక్కి అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులు చాలామంది. సెలవులకు పిల్లలు ఆర్‌వీ అద్దెకు తీసుకుని పార్కులు తిప్పుతారు. అందులో మంచం కిందో, పక్క గోడలోనో చిన్న గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది. దాని పొగ బయటి గోడకున్న జాలీ గుండా బయటకు పోతుంది. ఇండియాలో క్యారవాన్ తీసుకున్నా, అక్కడ ఆర్‌వీ ఎక్కినా ఇవి చూడండి:

• పడుకునే చోట కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా? టెస్ట్ బటన్ నొక్కితే మోగుతోందా? దాని మీద ముద్రించిన గడువు దాటిందా?
• హీటర్ బయటి జాలీకి సంచులు, కుర్చీలు అడ్డం పెట్టొద్దు. దాని పక్కనున్న కిటికీ హీటర్ వెలిగినంతసేపూ మూసి ఉంచాలి.
• చాలాకాలం నిలిపి ఉంచిన బండిలో బర్నర్ గొట్టంలో సాలెగూళ్లు కడతాయి. వంటగ్యాస్‌కు కలిపే వాసన కొన్ని సాలీళ్లను ఆకర్షిస్తుంది. మంట పసుపుగా ఉంటే వెంటనే ఆపి శుభ్రం చేయించాలి.
• ట్యాంకులో నీళ్లు నిండాయని నిర్ధారించుకోకుండా ఎలక్ట్రిక్ స్విచ్ వేస్తే కాయిల్ కాలిపోతుంది. ముందు వేడి కుళాయి తిప్పి, ధార ఆగకుండా వచ్చాకే స్విచ్ వేయాలి.
• యాత్ర ముగిశాక ట్యాంకు చల్లారి, ప్రెషర్ వదిలాకే నీళ్లు తీసేయాలి. వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పితే మరుగునీళ్లు ముఖాన చిమ్ముతాయి.
• సబర్బన్ రకం స్టీలు ట్యాంకుల్లో యానోడ్ కడ్డీ ఉంటుంది, ఏటా చూడాలి. ఎట్వుడ్ రకం అల్యూమినియం ట్యాంకులకు అది ఉండదు.

చలిదేశాల్లో చలికాలం బండి నిలిపే ముందు పైపుల్లో గడ్డకట్టకుండా ఒక ద్రవం పోస్తారు. నీటి పైపుల కోసం తయారైన గులాబీరంగు ద్రవమే వాడాలి. కారు రేడియేటర్‌లో పోసేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, కొద్దిగా కడుపులోకి వెళ్లినా కిడ్నీలు దెబ్బతింటాయి. మంచినీటి పైపులోకి దాన్ని ఎన్నడూ రానివ్వకూడదు.

ప్రమాదం జరిగితే...

స్నానాలగదిలో పడిపోతే: తలుపు బద్దలు కొట్టి అయినా తెరవండి. మీరు ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి, గ్యాస్ ఆపి, మనిషిని ఆరుబయటకు తీసుకురండి. 108కు ఫోన్ చేయండి. శ్వాస ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు. శ్వాస ఆగిపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండండి. గ్యాస్ వాసన కూడా వస్తుంటే స్విచ్‌లు వేయడం, ఆపడం రెండూ వద్దు. కిటికీలు తెరిచి 1906కు చెప్పండి.

షాక్ కొడితే: ముందు మెయిన్ ఆపండి. అంతవరకు మనిషిని ముట్టుకోవద్దు. మెయిన్ అందకపోతే పొడి కర్రతో మాత్రమే తప్పించండి. లేచి కూర్చున్నా ఈసీజీ తీయించుకోండి.

వేడినీళ్లు పడితే: తడిసిన బట్టలు, గాజులు, ఉంగరాలు తీసేసి 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచండి. ఐసు, పేస్టు, సిరా, పిండి, నూనె వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి. బొబ్బలు చిదమొద్దు.

ఏటా చలికాలానికి ముందు

1. గ్యాస్ గీజర్ బయట ఉందా? లోపల ఉంటే మార్పించేదాకా వాడకం ఆపండి.
2. రబ్బరు ట్యూబు, రెగ్యులేటర్ మీద సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.
3. వెంటిలేటర్‌కు అడ్డం పెట్టినవన్నీ తీసేయండి.
4. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూడండి. ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడండి.
5. ట్యాంకు కడిగించి, కాయిల్ మీద సున్నం తీయించి, యానోడ్ కడ్డీ చూపించండి.
6. ప్రెషర్ వాల్వ్ కదులుతోందో లేదో సర్వీసు మనిషితో చూపించండి.
7. షవర్ తల విప్పి సున్నం పోయేలా వెనిగర్‌లో నానబెట్టి కడగండి.

అద్దెకు ఉండేవారికి ఓ మాట. గది చూడ్డానికి వెళ్లినప్పుడు నీళ్లు ఎన్ని గంటలు వస్తాయని అడుగుతాం, బండి పెట్టుకోవడానికి చోటుందా అని అడుగుతాం. ఇకమీదట మూడు ప్రశ్నలు కలపండి. గీజర్ గ్యాస్‌దా, కరెంటుదా? స్నానాలగదిలోకి గాలి ఎటు నుంచి వస్తుంది? మెయిన్ బోర్డులో టెస్ట్ బటన్ ఉన్న స్విచ్ ఏది? ఇంటి యజమాని వెంటనే చూపించగలిగితే మంచిది. చూపించలేకపోతే అడ్వాన్సు ఇచ్చే ముందే పెట్టించమని అడగండి.